ఎడమ మేకు, కుడి మేకు

ఆ గదికి రెండు పేర్లున్నాయి. ప్యాంటు బిగుతైనవాళ్ళు, జిప్పు ఊడినవాళ్ళు దాన్ని టైలరమ్మ కొట్టు అంటారు. నీళ్ళ పంపు కాలినవాళ్ళు, ఫ్యాను తిరగనివాళ్ళు మోటారక్క షెడ్డు అంటారు. అందరూ వచ్చేది ఒకే గుమ్మానికి, ఒకే మనిషి దగ్గరికి. ఈ సంగతి తెలియని కొత్తవాళ్ళు ఇద్దరు అప్పుడప్పుడు గుమ్మంలో ఎదురుపడతారు. ఒకరి చేతిలో ఇస్త్రీ చేసిన కోటు, ఇంకొకరి చేతిలో నూనె కారుతున్న మోటారు. తప్పు చోటికి వచ్చామేమోనని ఇద్దరూ ఒకేసారి వెనకడుగు వేస్తారు.

"రండి రండి, ఇద్దరూ సరైన చోటికే వచ్చారు" అని ఆమె లోపల్నుంచి కేకేస్తుంది.

మూడంతస్తుల ఇంట్లో, వీధి వైపున్న కింది గది అది. మధ్యలో ప్లైవుడ్ గోడ. ముందు భాగంలో కుట్టుమిషను, బట్ట కత్తిరించే బల్ల, నిలువుటద్దం, తొడిగి చూసుకోవడానికి ఒక మూల తెర. వెనక భాగంలో చేత్తో తిప్పే వైండింగ్ మిషను, రాగి తీగ చుట్టలు, వార్నిష్ డబ్బా. రెంటికీ మధ్య సరిగ్గా గోడ చివర ఒక కుళాయి, దాని మీద సబ్బు. వెనక నుంచి ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆమె చేతులు కడుక్కోవాలి, నీలం ఏప్రన్ విప్పి తెల్లది కట్టుకోవాలి. రోజుకు ఇరవై ఐదు, ముప్పై సార్లు. వేళ్ళ చర్మం ఏడాది పొడుగునా పగిలే ఉంటుంది. ఆమె జీవితంలో సగం ఆ కుళాయి దగ్గరే గడిచిపోయిందని వదిన అంటుంది. వదినంటే భర్తకి అక్క.

ప్లైవుడ్ గోడకి పక్కపక్కనే రెండు మేకులుంటాయి. ఎడమ మేకుకి మోటార్ల లెక్కలు, కుడి మేకుకి మనుషుల కొలతలు. మోటారు గాడుల్లో రాగి తీగ కింద పరిచే గోధుమరంగు కాగితం ముక్కలు మిగులుతాయి కదా, రెండింటికీ ఆ ముక్కలే వాడుతుంది. పేర్లు రాయదు. అంకెలు మాత్రమే రాస్తుంది. ఏ కాగితం ఎవరిదో గుర్తుంటుంది. ఏ మేకుదో ఆ మేకుకి గుచ్చితే చాలు.

వైండింగ్ పని నాన్నది. కాలిన మోటారులోంచి పాత తీగ తీసేసి, అది ఎన్ని చుట్లుందో లెక్కపెట్టి, అన్నే చుట్లు కొత్త తీగ చుట్టి గాడుల్లో కూర్చడం. ఆమెకు పదకొండేళ్ళప్పుడు, చిన్న మోటార్ల గాడుల్లోకి తన వేలు దూరక నాన్న ఆమెను పిలిచాడు. ఆ వేలు అలా దూరుతూనే ఉంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాట్లాడకూడదన్నది ఆయన నియమం. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పకుండా అంకెలతోనే బదులిచ్చేవాడు. ఆమెకూ అదే వచ్చింది.

"తిన్నావటే?" అని వదిన అడుగుతుంది.

"ముప్పై రెండు."

"తినలేదన్నమాట. పెట్టుకు రానా?"

"ముప్పై ఆరు" అంటుంది ఆమె, కాస్త గొంతు పెంచి.

"సరే, సరే. అరవకు."

కుట్టుపని ఈ వదినదే. ఇరవై రెండేళ్ళ క్రితం కోడలిగా వచ్చినప్పుడు, ఖాళీగా కూర్చోలేక ఆమె వదిన మిషను దగ్గర కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి వదిన చూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి సూదినీ దారాన్నీ ఆమె ముందుకు తోసి లేచిపోయింది. అదే ఏడాది నాన్న పోయాడు. వైండింగ్ మిషనును ఆటోలో వేసి పంపించారు. ఒకే ఏడాది రెండు మిషన్లూ ఆమె మీదికొచ్చి పడ్డాయి.

"ఒకటి అమ్మేద్దామా?" అన్నాడు భర్త. ఆయన బస్సు నడుపుతాడు. ఒక రూటు ఇస్తే పదేళ్ళు అదే రూటులో హాయిగా తిరిగే మనిషి.

"సరే. ఏది?"

ఆయన రెండు మిషన్లూ చూశాడు. ఆమెనూ చూశాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

లైసెన్సు ఆఫీసులో గుమాస్తా మాత్రం ఎత్తాడు. వ్యాపారం ఏమిటో రాయడానికి ఫారంలో ఒక్క గడే ఉంది.

"కుట్టుపని, మోటారు వైండింగ్" అంది ఆమె.

"రెండు పట్టవమ్మా ఇందులో."

"మనిషిని ఒక్కదాన్నే కదండీ, అందులో పడుతున్నాయిగా."

"ఇంకో లైసెన్సు తీసుకోండి."

"దానికి ఇంకో మనిషిని ఎక్కణ్నుంచి తెచ్చేది?"

ఆయన నిట్టూర్చి, గడిలో చీమల బారులాంటి అక్షరాలతో రెండూ ఇరికించాడు.

అలా పద్దెనిమిదేళ్ళు. బడులు తెరిచే ముందు యూనిఫారాలు, ఎండలు ముదిరితే పంపులూ ఫ్యాన్లూ. రెండూ ఒకేసారి మీద పడే నెల ఏటా ఒకటి ఉంటుంది. ఆ నెలలో ఆమె నిలబడే టీ తాగుతుంది. అసలు ఏ నెలలోనైనా కుదురుగా కూర్చునే మనిషి కాదు. గౌను అంచు మడుస్తుంటే వెనక వార్నిష్ ఆరిందో లేదోనని మనసు అటే ఉంటుంది. తీగ చుట్టి లేవగానే ముందు గదిలో కత్తెర ఎక్కడ పెట్టానా అని వెతుకుతుంది. ఒక పనిలో ఉండి రెండో పని గురించి ఆలోచించడం ఆమెకు అలసట కాదు, అదే ఊపిరి. ఒకసారి చెయ్యి బెణికి వారం రోజులు కుట్టు మాత్రమే కుట్టింది. ఆ వారం ఇంట్లో అందరితోనూ గొడవపడింది.

ఆ గదికి యజమాని హెడ్మాస్టరుగా రిటైరైన ఆవిడ. పై అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. అందరూ మేడమ్ అనే అంటారు. ఆ సోమవారం ఆవిడ మెట్లు దిగి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మూడంతస్తులు దిగిందంటే ఏదో ఉన్నట్టే.

"మొదటి అంతస్తువాళ్ళు మళ్ళీ వచ్చారు. నీ వార్నిష్ వాసనకి తలనొప్పిట" అంది.

"కిటికీ తెరిచే ఉంచుతున్నాను మేడమ్."

"వీధిలోకి తెరిచావు, అది పైకే పోతోంది. చూడు, గది నీకు కుట్టుపనికని ఇచ్చాను. మోటార్లు నువ్వు తర్వాత తెచ్చి పెట్టావు. ఊరుకున్నాను. ఇక మీదట నీ మోటార్ల వల్ల ఈ ఇంట్లో ఇంకొక్క ఇబ్బంది వచ్చిందంటే అవి ఉండవు. కుట్టు ఒక్కటే ఉంటుంది. ఒక్కసారే చెప్తాను నేను."

"రాదు మేడమ్."

"రాదని రాసిస్తావా?"

"రాసిమ్మంటే రాసిస్తాను."

"అక్కర్లేదు. నీ చేతిరాత నాకు తెలుసు" అని ఆవిడ వెనుదిరిగింది.

మర్నాడే ఆ ఇంటి పంపు ఆగిపోయింది. ఎనిమిది కుటుంబాలకి నీళ్ళెక్కించే మోటారు. పన్నెండేళ్ళుగా తిరిగి తిరిగి అలిసిపోయింది. ప్లంబరు దాన్ని విప్పి తెచ్చి వెనక గదిలో దించాడు.

"అక్కా, రేపు పొద్దున్నకల్లా ఇచ్చెయ్యాలి. మేడమ్ బకెట్టుతో స్నానం చేసి పైనుంచి అందర్నీ తిడుతున్నారు."

ఆమెకు అందులో ఒక అవకాశం కనబడింది. మంచిగా చేసిస్తే, సోమవారం మాట కాస్త మెత్తబడొచ్చు. వెంటనే కూర్చుంది. పాత తీగ లాగి చుట్లు లెక్కపెట్టింది. చిన్న కాయిల్, మధ్య కాయిల్, పెద్ద కాయిల్. మూడు అంకెలు కాగితం ముక్క మీద రాసుకుంటుండగానే ముందు గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. డ్రైవింగ్ నేర్పే మాస్టారు. కొత్త ప్యాంటుకి కొలతలివ్వాలి, పది నిమిషాల్లో క్లాసుంది. ఆమె చేతులు కడిగి, ఏప్రన్ మార్చి, టేపు తీసింది.

"ముప్పై నాలుగే కదా నడుము?" అన్నాడు మాస్టారు ఊపిరి బిగబట్టి. "ఇంట్లో ముప్పై ఆరంటున్నారు."

"ఊపిరి వదలండి, చూద్దాం."

"వదిల్తే ముప్పై ఆరే అవుతుంది."

"మరి వేసుకున్నాక వదలరా?"

"వదల్ను. రాసుకోండి, ముప్పై నాలుగు."

సీటు, పొడవు కూడా తీసుకుంది. రాసుకుంటుంటే ఫోను మోగింది. ఫ్యాను ఏమైందని ఒకరు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి, రెండు కాగితాలూ మేకులకి గుచ్చి, మాస్టార్ని సాగనంపి, వెనక్కి వెళ్ళింది. సాయంత్రానికల్లా మోటారు చుట్టేసింది. వార్నిష్ పోసి, ఆరడానికి లోపల బల్బు వెలిగించి పెట్టింది. బుధవారం పొద్దున ప్లంబరు దాన్ని బిగించాడు. నీళ్ళెక్కాయి. పైనుంచి మేడమ్ కిందికి వంగి "బావుంది" అంది. ఆవిడ నోట ఆ మాట రావడం చాలా అరుదని గేటు దగ్గరుండే వాచ్‌మన్ చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం మోటారు మళ్ళీ కాలింది.

ప్లంబరు విప్పి చూసి అక్కడికక్కడే తేల్చేశాడు. కింద సంపులో నీళ్ళు అడుగునున్నాయి. నీళ్ళు లేకుండా మోటారు తిరిగింది, వేడెక్కి కాలింది. స్విచ్చి వేసేది వాచ్‌మన్. పోయినేడాది ఒకసారి ఆయన కునుకు తీసి ట్యాంకు పొంగి మెట్లన్నీ జలమయమయ్యాయి. ఆ సంగతి అందరికీ గుర్తుంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు. మేడమ్ ఆయన్ని పిలిచి, శనివారం నుంచి రావద్దని చెప్పేసింది.

మోటారు తిరిగి ఆమె బల్ల మీదికొచ్చింది. మూత విప్పగానే తీగ మీది ఎనామిల్ పూత కాలిన వాసన గుప్పుమంది. టార్చి వేసి చూసింది. నీళ్ళు లేకుండా తిరిగితే ముందు సీలు పోతుంది, బేరింగు పట్టేస్తుంది. రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. తీగ మాత్రం ఒక్క చుట్టు కూడా మిగలకుండా సమంగా నల్లబడింది. ఆమెకది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తేల్చుకునేలోపల గడియారం చూసింది. మాస్టారి ప్యాంటు సాయంత్రానికివ్వాలి, బట్ట ఇంకా కత్తిరించనే లేదు. చేతులు కడుక్కుంది. కుడి మేకు నుంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, బట్ట పరిచి, సుద్దముక్క అందుకుంది.

నలభై ఆరు. యాభై ఎనిమిది. అరవై నాలుగు.

ఆమె నవ్వింది. గుండీలు రంగులవారీగా వేరుచేస్తున్న వదినని పిలిచింది.

"వదినా, ఇటు చూడండి. నడుము నలభై ఆరు, సీటు యాభై ఎనిమిది, పొడవు అరవై నాలుగు. ఎవరో చెప్పండి చూద్దాం."

"మనిషా, గోదామా?"

"అరవై నాలుగంగుళాల కాళ్ళు వదినా. తల మన పైకప్పుకి తగుల్తుంది."

"వాడికి ప్యాంటు నువ్వు కుట్టద్దు, టెంటు వేసేవాళ్ళ దగ్గరికి పంపించు" అని వదిన పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వుతూనే ఎడమ మేకు వైపు చూసింది. చెయ్యి చాచి అక్కడున్న పై కాగితం తీసింది.

ముప్పై నాలుగు. నలభై. నలభై రెండు.

వదిన ఇంకా నవ్వుతోంది. ఆమె కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, వాటి మీద అరచెయ్యి ఉంచి నిలబడిపోయింది.

"ఏమైందే?"

"మాస్టారి ప్యాంటు మోటారుకి చుట్టేశాను."

వదినకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆమె విడమరిచి చెప్పింది. చుట్లు తక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఒకరోజు తిరుగుతుంది, రెండోరోజు కాలుతుంది. చిన్న పంపులకి ముప్పై, నలభై చుట్లు ఉండడం మామూలే కాబట్టి, చుట్టేటప్పుడు చేతికి అనుమానం రాలేదు. సంపులో నీళ్ళున్నా లేకపోయినా ఆ మోటారు కాలిపోయి ఉండేదే. వాచ్‌మన్ తప్పేమీ లేదు.

వదిన గుండీల డబ్బా మూత పెట్టింది.

"ఎవరికైనా తెలుసా?"

"మీకు."

"నేను చెప్పను. నువ్వూ చెప్పకు. సోమవారం ఆవిడ ఏమందో విన్నాంగా. ఇది బయటపడితే రేపటికి మోటార్లు వీధిలో ఉంటాయి. ఆ తర్వాత ఎండాకాలమంతా ఏం చేస్తావ్? కూర్చుని నన్ను సాధిస్తావ్."

"మరి బాబాయ్?" ఆ ఇంట్లో వాచ్‌మన్‌ని ఆమె అలాగే పిలుస్తుంది.

"ఆయనకి గేట్లు కరువా? ఇది కాకపోతే ఇంకో గేటు. నోరు మూసుకుని సరిగ్గా చుట్టి ఇచ్చెయ్. అదే నువ్వు ఆయనకి చేసే మేలు."

అదెలా మేలో ఆమెకి తెలియలేదు. మాస్టారి ప్యాంటు ముప్పై ఆరుకి కత్తిరించి పక్కన పెట్టింది. నీలం ఏప్రన్ కట్టుకుని వెనక్కి వెళ్ళి తీగ అందుకుంది. నలభై ఆరు చుట్టాలి. ఇరవై తర్వాత లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ముప్పై దగ్గర మళ్ళీ తప్పింది. ఎవరూ పలకరించలేదు, ఫోనూ మోగలేదు. పదకొండేళ్ళ వయసు నుంచీ ఎప్పుడూ జరగనిది ఆ సాయంత్రం మూడుసార్లు జరిగింది. చివరికి పది చుట్లకొకసారి సుద్దముక్కతో బల్ల మీద గీత గీసుకుంటూ పూర్తిచేసింది.

ఇంట్లో భర్తకి అన్నం వడ్డిస్తూ రెండుసార్లు లేచి వెళ్ళి కుళాయి కట్టానా లేదా అని చూసింది.

"ఏం పోయింది?" అన్నాడాయన.

"ఏం పోలేదు."

"మరి ఏం వెతుకుతున్నావ్?"

శుక్రవారం పొద్దున ప్లంబరు మోటారు బిగించాడు. నీళ్ళెక్కాయి. ఆమె గంటకొకసారి పంపున్న సందులోకి వెళ్ళి దాని మీద చెయ్యి ఆనించి చూసి వచ్చింది. మోటారు చల్లగానే ఉంది, చప్పుడు సమంగానే ఉంది. ఇంక మనసు కుదుటపడాలి. మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. పడలేదు. కుట్టడానికి కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే ఎందుకు లేచిందో గుర్తు రాలేదు.

పన్నెండింటికి వాచ్‌మన్ వచ్చాడు. చేతి మీద మడిచిన ముదురు నీలం కోటు ఉంది. అది లేకుండా ఆయన్ని ఆమె అంతవరకూ చూడలేదు. చొక్కాలో మనిషి సగమే ఉన్నాడు.

"మేడమ్ ఇచ్చి రమ్మన్నారమ్మా. కొత్తగా వచ్చేవాడికి సరిపడా తగ్గించాలిట. వాడి కొలతలు ఇదిగో ఈ చీటీలో రాసిచ్చారు."

ఆమె కోటు అందుకోలేదు. ఆయనే బల్ల మీద పరిచాడు. ఆరేళ్ళ క్రితం ఆమె కుట్టిందే. మూడేళ్ళ క్రితం పొట్ట దగ్గర వదులు చేసింది కూడా.

"నాకంటే సన్నం. భుజాలు కూడా లోపలికి తియ్యాల్సి వస్తుంది" అన్నాడాయన, చేత్తో కోటు మీద మడత సరిచేస్తూ. "లోపలి జేబు మాత్రం తీసెయ్యకు. కళ్ళజోడు పెట్టుకోవడానికి బావుంటుంది."

"కుర్రాడా, పెద్దాయనా?" అని వదిన అడిగింది.

"పాతికుంటాయేమో."

"పాతికేళ్ళవాడికి కళ్ళజోడెందుకయ్యా?"

"ఈ గేటు దగ్గర కూర్చుంటే వస్తుందిలెండి" అని నవ్వాడు. తర్వాత వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. బల్ల అంచు మీద గోటితో గీరుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "స్విచ్చి వేసే ముందు సంపులో కర్ర పెట్టి చూస్తానమ్మా ఎప్పుడూ. గురువారం కూడా చూశాను. తడి ఇంతవరకూ వచ్చింది. చూశాననే అనుకున్నాను. ఇప్పుడందరూ ఒకటే మాట అంటుంటే నాకే అనుమానంగా ఉంది. బుధవారం చూసింది గురువారం అనుకున్నానేమో. ఇంట్లో కూడా అంటున్నారు, ఈ మధ్య మతిమరుపెక్కువైందని."

"అది కాదు బాబాయ్..."

"వయసంటే అంతే కదమ్మా. సాయంత్రానికి ఇచ్చేస్తే నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

ఆయన గేటు వైపు వెళ్ళిపోయాడు. ఆమె కోటుని తిరగేసి, బ్లేడు తీసుకుని, భుజం దగ్గర మొదటి కుట్టు తెంపింది. రెండో కుట్టు కింద బ్లేడు పెట్టి ఆగింది. పెట్టిన బ్లేడు తీసి, ఏప్రన్ విప్పింది.

"ఎక్కడికి?" అంది వదిన.

"పైకి."

"మోటార్లు పోతాయే."

"తెలుసు వదినా."

రెండు కాగితాలూ తీసుకుని మెట్లెక్కింది.

మేడమ్ కిటికీ దగ్గర పేపరు చదువుతోంది. చేతిలో ఎర్ర పెన్ను. అచ్చుతప్పు కనబడితే సున్నా చుడుతుంది. ఎవరికీ పంపదు, ఊరికే చుడుతుంది. ఆమె రెండు కాగితాలూ పేపరు మీద పెట్టింది.

"ఇది మోటారు లెక్క మేడమ్. ఇది ఒకాయన ప్యాంటు కొలత. మంగళవారం ఒకదాని మేకుకి ఇంకోటి గుచ్చేశాను. చూసుకోకుండా చుట్టేశాను."

మేడమ్ కళ్ళజోడు సరిచేసుకుని రెండూ చదివింది.

"అంటే నా మోటారుకి ఎవరి ప్యాంటో చుట్టావు."

"అవును మేడమ్. సంపులో నీళ్ళు తక్కువై కాలిపోలేదు. సంపు నిండుగా ఉన్నా కాలిపోయి ఉండేదే. వాచ్‌మన్ బాబాయ్ తప్పు లేదు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న మధ్యాహ్నం."

"ఇప్పుడు ఇవాళ మధ్యాహ్నం."

"అవును."

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "పేర్లెందుకు రాయవు కాగితాల మీద?"

"గుర్తుంటాయని."

"క్లాసులో నలభై మంది ఉంటే నలభై మందీ చెప్పే మాటే ఇది." రెండు కాగితాలూ ఆమె వైపు జరిపింది. "సోమవారం నేనేమన్నానో గుర్తుందా?"

"ఉంది."

"గుర్తుండే వచ్చావా?"

"గుర్తుండే వచ్చాను."

"నువ్వు నిజం చెప్పావు కదా అని నేను మాట మార్చుకోను. ఎనిమిది ఇళ్ళకి నిన్న మధ్యాహ్నం నుంచి రాత్రంతా నీళ్ళు లేవు. మొదటి అంతస్తువాళ్ళకి ఏం చెప్పను?"

"మార్చుకోమని అడగడానికి రాలేదు మేడమ్. ఒక వారం టైమివ్వండి, సర్దుకుంటాను."

"రేపు మధ్యాహ్నం వరకు. వార్నిష్ డబ్బా ఇవాళే పోవాలి."

"సరే మేడమ్."

ఆమె గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆవిడ పిలిచింది. "వాచ్‌మన్‌ని పైకి పంపించు." మళ్ళీ వెంటనే, "వద్దు. ఉండు. నేనే దిగుతాను" అంది. కర్ర కోసం చూస్తే అది అలమర పక్కన దూరంగా ఉంది. ఆమె తెచ్చిచ్చింది. ఇద్దరూ దిగారు. మెట్టు మెట్టుకీ ఆవిడ ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆమె కూడా ఒక మెట్టు కింద ఆగింది.

గేటు దగ్గర ఆవిడ ఆయనతో ఏమందో గదిలోకి వినబడలేదు. ఆయన కుర్చీలోంచి లేవబోవడం, ఆవిడ కర్రతో కూర్చోమని సైగ చెయ్యడం మాత్రం వదిన చూసి చెప్పింది. ఆమె చూడలేదు. కోటు భుజం దగ్గర తెంపిన కుట్టు మళ్ళీ వేస్తోంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి గుమ్మం ముందు చక్రాల బండి ఆగింది. వైండింగ్ మిషను, తీగ చుట్టలు, కాయిల్స్ వేసుకునే చెక్క అచ్చులు, సగం విప్పిన రెండు ఫ్యాన్లు ఒక్కొక్కటే బండెక్కాయి. వెనక గది ఖాళీ అవుతుంటే ముందు గదిలో గడియారం చప్పుడు కూడా కొత్తగా వినిపించింది. వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడి మొదలుపెట్టింది.

"ఎక్కడ పెడతావ్ ఇదంతా?"

"చూడాలి."

"చూడాలంటే?"

"బస్సు డిపో వెనక ఒక షెడ్డుందట. మీ తమ్ముడు అడుగుతానన్నాడు."

"ఇవ్వనంటే?"

"ఇంకోటి."

"పొద్దున అక్కడా, మధ్యాహ్నం ఇక్కడానా? రోజుకి ఎన్నిసార్లు తిరుగుతావే?"

"ఇప్పుడు మాత్రం తిరగట్లేదా, గోడకి అటూ ఇటూ."

"ఈ గోడకీ ఆ డిపోకీ తేడా లేదూ?"

"ఉంది. చెప్పులేసుకోవాలి."

వదిన నవ్వబోయి ఆపుకుంది. అద్దం పక్కనున్న కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, టేపు మెడలో వేసుకుంది. "కొలతలు తీసుకోగల్ను. దారం ఎక్కించమంటే మాత్రం నావల్ల కాదు. త్వరగా రా."

వాచ్‌మన్ వచ్చి బండి పిడి పట్టుకున్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

"గేటు వదిలి రావచ్చా బాబాయ్?"

"మేడమే పంపారు. అరగంటలో రమ్మన్నారు. సంపు చూసే వచ్చాన్లే."

బండి కదలబోతుండగా లాండ్రీ ఆయన ఎదురొచ్చాడు. భుజాన మోటారు, చెమటతో తడిసిన చొక్కా.

"అక్కా! మూసేస్తున్నావా ఏంటి?"

"లేదు. ముందు అది దించు."

ఆయన బండి మీదే దించాడు. ఆమె వీధిలోనే నిలబడి ఇరుసు చేత్తో తిప్పింది, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. "ఎప్పుడాగింది?"

"ఇందాకే. రేపటికి కావాలక్కా, హోటలు దుప్పట్లున్నాయి."

"రేపు సాయంత్రం."

"ఎక్కడికి రమ్మంటావ్?"

ఆమె వీధికి అటు చివరా ఇటు చివరా చూసింది. "ఫోను చెయ్యి, చెప్తాను." జేబులోంచి కాగితం ముక్క తీసి రాయబోయింది. ఇంతలో వెనక నుంచి, కొట్టు గుమ్మంలో ఎవరో పిలిచారు.

"టైలరమ్మా, ఉన్నారా?"

"వదినా, కూర్చోబెట్టండి, వచ్చేస్తాను" అని కేకేసింది. లాండ్రీ ఆయన మోటారు కదలకుండా తాడు బిగించింది.

"ఎటు పోనిమ్మంటావమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

భర్త దగ్గర్నుంచి ఇంకా ఫోను రాలేదు. ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చి బండికి రెండో పక్క పట్టుకుంది.

"డిపో వైపు. పోనీ బాబాయ్, నడుస్తూ మాట్లాడుకుందాం."